మాస్ నది ఒడ్డున పాత సత్రం: స్టైల్ మిషన్ గృహం కథ

అందరికీ నమస్కారం.

ముందు ఊరి పేరు చెప్పేస్తాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. ఊరి పేరు స్టైల్. ఆ ఊరి పక్కన పారే నది పేరు మాస్. (నవ్వులు) నేను కల్పించింది కాదండీ. నెదర్లాండ్స్ మ్యాపు తీసి, ఆగ్నేయ మూల జర్మనీని ఆనుకుని కిందికి వేలాడే లింబర్గ్ ప్రాంతం చూడండి. వెన్లో అనే పట్నం కనపడుతుంది. దానికి కాస్త కింద టేగెలెన్, టేగెలెన్‌ను ఆనుకుని నది ఒడ్డున స్టైల్. జర్మనీ సరిహద్దు అక్కడికి కొద్ది కిలోమీటర్లే. ఈ దూరం గుర్తుపెట్టుకోండి. ఈ కథ మొదలవడానికి కారణం అదే.

టేగెలెన్ అన్న పేరు లాటిన్‌లో పెంకుకు వాడే మాట నుంచి వచ్చింది. రోమన్ల కాలం నుంచీ అక్కడి బంకమట్టితో పెంకులు, ఇటుకలు కాల్చేవారు. అందుకే స్టైల్‌లో ఏ భవనం ఫొటో చూసినా ఇటుక ఎరుపే. ఒక చిన్న ఊళ్లో అన్ని పెద్ద పెద్ద ఎర్రటి భవనాలేమిటి అనిపిస్తుంది. వాటిలో ఎక్కువ భాగం మఠాలు. డచ్చివాళ్లు ఆ ఊరిని మఠాల ఊరు అనే పిలుస్తారు.

ఇవాళ నేను మాట్లాడేది అందులో మొదటిది, సెయింట్ మైకేల్ మిషన్ గృహం గురించి. దైవవాక్య సభ అంటే మీలో కొందరికి తెలుస్తుంది. పేరు చివర ఎస్.వి.డి. అని రాసుకునే ఫాదర్లు. ఆ సభకు పుట్టిల్లు ఇది. సభ చరిత్ర మొత్తం చెప్పాలంటే ఒక పూట చాలదు కాబట్టి నేను ఇంటినే పట్టుకుంటాను. ఆ ఇంట్లో ఎవరు వండారు, ఎవరు అచ్చు వేశారు, డబ్బు ఎక్కడ నుంచి వచ్చింది, అది చెబుతాను. మిషన్ చరిత్రలు సాధారణంగా ఓడ ఎక్కినవాళ్ల కథలుగా ఉంటాయి. ఓడ టికెట్టు ఎవరు కొన్నారో వాటిలో పెద్దగా ఉండదు. నాకు ఎప్పుడూ ఆ టికెట్టు మీదే ఆసక్తి.

సరే. 1870ల జర్మనీకి వెళ్దాం. 1871లో జర్మనీ ఒకే సామ్రాజ్యం అయింది. ఛాన్సలర్ బిస్మార్క్‌కు కథోలిక సభ మీద అనుమానం. వీళ్లు రాజుకు విధేయులా, రోములో ఉన్న పోపుకు విధేయులా అని. అక్కడ మొదలైన గొడవకు కుల్టూర్‌కాంఫ్ అని పేరు. అంటే సంస్కృతి పోరాటం. 1872లో జెస్విట్ సభ ఫాదర్లను దేశం నుంచి వెళ్లగొట్టే చట్టం వచ్చింది. 1873 మే నెలలో గురువుల, అంటే ఫాదర్ల, చదువు, నియామకం ప్రభుత్వం చేతుల్లోకి తెచ్చే చట్టాలు. మాట వినని బిషప్పులను జైల్లో పెట్టారు. కొలోన్ ఆర్చిబిషప్పు మెల్చర్స్ 1874లో నెలల తరబడి జైల్లో ఉండి, తర్వాత నెదర్లాండ్స్‌కు వెళ్లిపోయారు. ఇక 1875 మే 31న, ఆ సామ్రాజ్యంలో అన్నిటికంటే పెద్దదైన ప్రష్యా రాజ్యం మరో చట్టం చేసింది. రోగులకు సేవ చేసే సభలు తప్ప మిగతా మఠాలన్నీ ఆరు నెలల్లో మూసెయ్యాలని.

ఆ తేదీ మీద ఒక్క నిమిషం ఆగండి. మే 31న మఠాలు మూసెయ్యమన్నారు. జూన్ 16న స్టైల్‌లో ఒక జర్మన్ ఫాదరు కొత్త మఠానికి సంకల్పం చెప్పుకున్నాడు. పదహారు రోజుల తేడా. ఊళ్లో ఇళ్లన్నీ కూలగొడుతుంటే శంకుస్థాపన ముహూర్తం పెట్టుకున్నట్టు.

ఆయన పేరు ఆర్నాల్డ్ యాన్సెన్. 1837లో గోఖ్ అనే ఊళ్లో పుట్టాడు. అదీ సరిహద్దు ఊరే, కాకపోతే జర్మనీ వైపు. తండ్రి బండి తోలేవాడు, కొంచెం వ్యవసాయం. ఆర్నాల్డ్ లెక్కలు, ప్రకృతి శాస్త్రాలు చదువుకున్నాడు. 1861లో గురువు అయ్యాడు. తర్వాత పన్నెండేళ్లు బొఖోల్ట్ అనే ఊళ్లో బడి మాస్టారు. లెక్కల మాస్టారు ఎలా ఉంటాడో అలాగే ఉండేవాడు. కఠినం. మాట కలపడం తక్కువ. ప్రసంగం చేస్తే జనం ఊగిపోయే రకం కాదు. ఒక సభను స్థాపించే మనిషి అనగానే మన ఊహకు వచ్చే తేజస్సు, ఆకర్షణ ఈయనలో లేవు. ఉన్నది మొండితనం, లెక్క, ప్రార్థన. ఈ మూడింటిలో లెక్క గురించి పునీతుల చరిత్రలు రాసేవాళ్లు కాస్త మొహమాటపడతారు కానీ, నా దృష్టిలో అది మిగతా రెంటికీ ఏమాత్రం తీసిపోదు.

ఆయన బడి మానేసి 1873లో కెంపెన్ అనే ఊళ్లో ఉర్సులైన్ సిస్టర్ల మఠానికి చాప్లిన్‌గా, అంటే వాళ్లకు పూజ చెప్పే ఫాదరుగా, వెళ్లాడు. 1874 జనవరిలో ఒక చిన్న మాసపత్రిక మొదలుపెట్టాడు. తిరుహృదయ దూత అనే అర్థం వచ్చే పేరు. దూర దేశాల మిషన్ల వార్తలు, ప్రార్థనలు. గమనించారా? ఇల్లు ఇంకా లేదు, సభ లేదు, పంపడానికి ఒక్క మనిషి లేడు. పత్రిక మాత్రం ఉంది. ఈ వరుస యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఆ రోజుల్లో ఫ్రాన్సుకు పారిస్ విదేశీ మిషన్ల సెమినరీ ఉంది, 17వ శతాబ్దం నుంచీ. ఇటలీకి మిలాన్‌లో ఉంది. ఇంగ్లండుకు 1866 నుంచి మిల్ హిల్‌లో ఉంది. జర్మన్ మాట్లాడే కథోలికులకు సొంతంగా అలాంటిది లేదు. యాన్సెన్ ఈ లోటు గురించి తన పత్రికలో రాస్తూ ఉండేవాడు. ఎవరైనా పూనుకోవాలి అని. "ఎవరైనా" అంటే తాను తప్ప. 1874లో హాంకాంగ్ మిషన్ పెద్ద రైమోండి జర్మనీ వచ్చాడు. మిలాన్ సభకు చెందిన ఇటాలియన్ ఆయన. మన హైదరాబాదు, బందరు ప్రాంతాలకు 19వ శతాబ్దంలో వచ్చిన ఇటాలియన్ ఫాదర్లదీ ఆ సభే. యాన్సెన్ వెళ్లి ఆయన్ని కలిసి తన గోడు చెప్పుకుంటే, ఆయన తేల్చిచెప్పిన మాట: ఎవరో ఎందుకు, నువ్వే మొదలుపెట్టు.

బిషప్పుల చుట్టూ తిరిగాడు. ఆర్చిబిషప్పు మెల్చర్స్, ఉన్నవే కూలిపోతున్న కాలంలో కొత్తది కడతానంటావేమిటయ్యా అన్నారట. కూలిపోతున్నాయి కనకే వాటి స్థానంలో కొత్తవి రావాలి కదా అన్నాడట ఈయన. సరిహద్దు దాటి రూర్‌మొండ్ బిషప్పు దగ్గరికి వెళ్తే, ఈ మనిషి పిచ్చివాడైనా అయివుండాలి, పునీతుడైనా అయివుండాలి అని తర్వాత ఆయన అనుకున్నారని సభ పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు. అనుమతి మాత్రం ఇచ్చారు.

ఇప్పుడు ఇల్లు. స్టైల్ ఒకప్పుడు చిన్నపాటి రేవు. మాస్ నదిలో సరుకు పడవలు వచ్చి ఆగేవి, బళ్ల మీదకు ఎక్కించేవారు. వర్తకుల ఇళ్లు, పడవవాళ్లకు సత్రాలు ఉండేవి. 1860లలో రైలు వచ్చింది. సరుకు రైలెక్కింది. రేవు పడుకుంది. రైలు వచ్చి రేవు చచ్చిన ఊళ్లు మన కోస్తాలోనూ ఉన్నాయి కదా, ఆ దిగులు మీకు నేను వివరించక్కర్లేదు. పెద్ద ఇళ్లు ఖాళీగా, చవగ్గా మిగిలాయి. సరిహద్దుకు అటువైపు మఠాలు మూతపడుతుంటే, ఇటువైపు ఖాళీ ఇళ్లు దొరుకుతున్నాయి. ఒకచోట బిస్మార్క్, ఒకచోట రైలు, రెండూ కలిసి స్టైల్‌ను మఠాల ఊరు చేశాయి. యాన్సెన్ కొన్నది నది ఒడ్డున ఉన్న అలాంటి ఒక పాత సత్రం.

1875 సెప్టెంబరు 8, మరియమాత పుట్టినరోజు పండుగ నాడు ఇల్లు తెరిచారు. ఇల్లు అనడానికి గోడలున్నాయి, అంతే. సామాను దాదాపు లేదు. మొదట ఉన్నది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. యాన్సెన్ తమ్ముడు విల్‌హెల్మ్, ఆయన కపుచిన్ సభలో బ్రదరు, వచ్చి వంట, ఇంటిపని చూశాడు. అంత కొద్దిమందిలోనూ గొడవ వచ్చింది. సభ నియమాలు ఎంత కఠినంగా ఉండాలి, ఇది మఠమా లేక గురువుల సంఘమా అన్న విషయంలో పొసగలేదు. ఏడాది తిరక్కుండానే మొదటివాళ్లలో కొందరు వెళ్లిపోయారు. స్థాపన చరిత్రల్లో ఈ భాగాన్ని సాధారణంగా రెండు వాక్యాల్లో దాటేస్తారు. ఒక్కసారి ఆ శీతాకాలాన్ని ఊహించుకోండి. చలి, అప్పు, ఖాళీ గదులు, పొద్దున భోజనం బల్ల దగ్గర ఒకరితో ఒకరు మాట్లాడుకోని నలుగురైదుగురు మనుషులు.

ఆ శీతాకాలంలో, 1876 జనవరిలో, ఆయన చేసిన పని అచ్చుయంత్రం పెట్టడం. గుడి కట్టలేదు. హాస్టలు కట్టలేదు. ప్రెస్సు పెట్టాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ఇంటి అసలు రహస్యం ప్రెస్సులోనే ఉంది. మిషన్ సెమినరీ నడపాలంటే డబ్బు రెండు దారుల్లో రావచ్చు. ఒకటి, రాజులో జమీందారులో ఇచ్చే పెద్ద విరాళాలు. ప్రభుత్వమే తరిమేసిన సభకు ఆ దారి మూసుకుపోయింది. రెండోది, లక్షల మంది బీదాబిక్కీ ఇచ్చే చిల్లర. యాన్సెన్ ఈ రెండో దారి ఎంచుకున్నాడు. చిల్లర ఊరికే రాదు. ఇచ్చేవాడికి నెలనెలా చేతికి ఏదో అందాలి. తన కాసు ఎక్కడికి వెళ్లిందో తెలియాలి. అందుకు పత్రిక. 1878లో కుటుంబాల కోసం బొమ్మలతో మరో పత్రిక తెచ్చారు, దేవుని నగరం అనే అర్థం వచ్చే పేరుతో. తర్వాత 1880 సంవత్సరానికి సెయింట్ మైకేల్ క్యాలెండర్ వచ్చింది. మనకు గంటల పంచాంగం ఎలాగో జర్మన్ పల్లెల్లో అది అలా తయారైంది. పండుగలు, కథలు, చైనా నుంచి ఉత్తరాలు అన్నీ అందులోనే. గోడకు వేలాడే చోట ఏడాది పొడుగునా మిషన్ కనపడుతూ ఉంటుంది. దీన్ని మార్కెటింగ్ అంటే ఫాదర్లు నొచ్చుకుంటారేమో కానీ, అనకుండా ఉండలేను.

మరి అచ్చు వేసేదెవరు? కూలికి మనుషులను పెట్టుకుంటే లాభం మిగలదు. ఇక్కడే బ్రదర్లు వస్తారు. గురుత్వం తీసుకోకుండా వ్రతాలు మాత్రం తీసుకుని సభలో ఉండేవాళ్లు. కంపోజిటర్లు, బైండర్లు, వడ్రంగులు, తాపీ పనివాళ్లు, దర్జీలు, రొట్టెలు కాల్చేవాళ్లు. 1900 నాటికి సభలో ఫాదర్ల కంటే బ్రదర్లే చాలా ఎక్కువ. మిషన్ సభ అనగానే మనం తెల్ల అంగీ, చేతిలో శిలువ ఉన్న ఫాదరును ఊహించుకుంటాం. స్టైల్‌లో మీరు తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ఎదురయ్యేది నల్ల సిరా అంటిన చేతులు. ఊరూరా తిరిగి చందాలు కట్టించుకునే బ్రదర్లు వేరే ఉండేవారు. భుజాన సంచీ, సంచీలో పత్రికలు. వాళ్లు ఏ గడప ఎక్కినా తలుపు మూసుకునేవాళ్లూ ఉంటారు, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లూ ఉంటారు. సభలో చేరిన కుర్రాళ్లలో ఎందరికో మొదట కనిపించిన మిషనరీ ఈ సంచీ బ్రదరే అయివుంటాడు.

ప్రెస్సు తర్వాత వంటిల్లు. ఇది ఇంకా తక్కువగా చెప్పే కథ. ప్రష్యా నుంచి తరిమేస్తే వచ్చిన ప్రొవిడెన్స్ సిస్టర్లు స్టైల్‌లో వంట, బట్టల పని చూసేవారు. 1882 డిసెంబరు చివర్లో హెలెనా స్టోలెన్‌వెర్క్ అనే ముప్పై ఏళ్ల రైతు బిడ్డ అక్కడికి వచ్చింది. చిన్నప్పటి నుంచి చైనా వెళ్లాలని ఆమె కోరిక. చైనాలో వదిలేసిన పసిపిల్లల గురించి మిషన్ పత్రికల్లో చదివి పుట్టిన కోరిక. స్టైల్‌లో మహిళలకు సభ లేదు. ఎప్పటికైనా పెడతారేమోనన్న ఆశతో వంటింట్లో పనిమనిషిగా చేరింది. 1884లో హెండ్రినా స్టెన్‌మన్స్ వచ్చి కలిసింది. ఇంకొందరు వచ్చారు. గిన్నెలు తోముతూ ఎదురుచూశారు. యాన్సెన్ తొందరపడే మనిషి కాదు. 1889 డిసెంబరు 8న కానీ పవిత్రాత్మ మిషన్ సిస్టర్ల సభ మొదలవలేదు. హెలెనా వచ్చి ఏడేళ్లు గడిచింది.

మళ్లీ ఏడేళ్లకు, 1896 డిసెంబరు 8న, మూడో సభ. ఇది బయటికి వెళ్లని సిస్టర్లది. రాత్రింబవళ్లు దివ్యసత్ప్రసాదం ముందు వంతులవారీగా ఆరాధన చేస్తారు. వాళ్లు వేసుకునేది గులాబీరంగు అంగీ, పవిత్రాత్మ గౌరవార్థం. జనం గులాబీ సిస్టర్లు అనే పిలుస్తారు. ఇంతకీ హెలెనా చైనా వెళ్లిందా? లేదండీ. మిషన్ సిస్టర్ల సభకు పెద్దగా ఉండి, వేరేవాళ్లను అర్జెంటీనాకు, టోగోకు సాగనంపింది. 1898లో ఆమెనే ఆరాధన సభకు మార్చారు. అంటే శాశ్వతంగా గోడల లోపలికి. అక్కడ మళ్లీ కొత్తగా చేరినవాళ్లతోపాటు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టింది. 1900లో, మరణశయ్య మీద, ఆ సభ వ్రతాలు తీసుకుని, ఫిబ్రవరి 3న చనిపోయింది. 1995లో పోపు ఆమెను ధన్యురాలిగా, అంటే పునీతురాలికి ఒక మెట్టు కిందగా, ప్రకటించారు. ఆమెను గౌరవించడం బాగానే ఉంది. ఆ 1898 నిర్ణయం గురించి మాత్రం, చదివినప్పుడల్లా నాకు కొంచెం కోపం వస్తుంది. దాచుకోను.

ఇప్పుడు ఓడ ఎక్కినవాళ్ల సంగతి. 1879 మార్చి 2న ఇద్దరు బయల్దేరారు. యోహాన్ బాప్టిస్ట్ ఆంజర్, యోసెఫ్ ఫ్రైనాడెమెట్జ్. ఇల్లు తెరిచి నాలుగేళ్లు కూడా కాలేదు. ఏప్రిల్‌లో హాంకాంగ్ చేరారు. 1882 నుంచి వాళ్ల క్షేత్రం చైనాలో దక్షిణ షాన్‌డాంగ్. ఇద్దరూ ఒకే ఇంటి నుంచి, ఒకే రోజున వెళ్లారు కానీ రెండు దారులు పట్టారు.

ఫ్రైనాడెమెట్జ్ ఆల్ప్స్ కొండల్లోని ఒక పల్లెవాడు. మొదట్లో ఇంటికి రాసిన ఉత్తరాల్లో చైనావాళ్ల మీద చిన్నచూపు కనపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మనిషి మారాడు. ఆ దేశపు బట్టలు, ఆ దేశపు తిండి, పల్లె పల్లె కాలినడక. మళ్లీ ఒక్కసారి కూడా యూరప్ రాలేదు. 1908 జనవరిలో టైఫస్ జ్వరంతో అక్కడే పోయాడు.

ఆంజర్ బిషప్పు అయ్యాడు. సమర్థుడు, గట్టివాడు, గొడవలమారి. 1890లో తన మిషన్‌ను ఫ్రాన్సు రక్షణ నుంచి తప్పించి జర్మన్ ప్రభుత్వ రక్షణలో పెట్టాడు. విచిత్రం చూడండి. ఏ ప్రభుత్వం తరిమితే ఈ సభ పుట్టిందో, అదే ప్రభుత్వం జెండా నీడకు చేరింది. దాని ఫలితం 1897 నవంబరు 1న తెలిసింది. జూయె జిల్లాలో ఒక పల్లెలో రాత్రిపూట గుంపు దాడి చేసి రిచర్డ్ హెన్లే, ఫ్రాంజ్ నీస్ అనే ఇద్దరు ఫాదర్లను చంపేసింది. ఆ ఇంటి ఫాదరు స్టెంజ్, అతిథులకు తన గది ఇచ్చి పనివాళ్ల గదిలో పడుకోవడం వల్ల బతికాడు. రెండు వారాల్లో, నవంబరు 14న, జర్మన్ నౌకాదళం జియావ్‌జో అఖాతాన్ని ఆక్రమించింది. మర్నాటి ఏడాది చైనా నుంచి 99 ఏళ్ల లీజు రాయించుకుంది. చింగ్‌డావ్ రేవు అలా జర్మనీ చేతికి పోయింది. నష్టపరిహారం కింద చైనా ప్రభుత్వం ఖర్చుతో పెద్ద గుళ్లు కట్టించారు. అదే షాన్‌డాంగ్ నుంచి విదేశీయుల మీద బాక్సర్ల తిరుగుబాటు లేచింది.

హతులైన ఇద్దరూ రేవు కోసం చావలేదు. నిజమే. కానీ వాళ్ల శవాల మీద రేవు సంపాదించారు, దానికి సభ పెద్దల్లో కొందరు చప్పట్లు కొట్టారు. స్టైల్ చరిత్ర చెప్పేవాడు ఇది చెప్పకుండా దాటేస్తే, చేస్తున్నది చరిత్ర కాదు, భజన.

ఇక పండితుల సంగతి. 1883లో పదిహేనేళ్ల విల్‌హెల్మ్ ష్మిట్ స్టైల్ బడిలో చేరాడు. తర్వాత వియన్నా దగ్గర మోడ్లింగ్‌లో సభ 1889లో పెట్టిన సెయింట్ గాబ్రియేల్ గృహంలో ప్రొఫెసరయ్యాడు. భూగోళమంతా తమ ఫాదర్లు ఉన్నారు, ఒక్కొక్కరికీ ఏదో ఒక జాతి భాష, పెళ్లి పద్ధతులు, దేవుళ్ల పేర్లు తెలుసు. వాళ్ల చేత రాయిస్తే? 1906లో అంత్రోపోస్ అనే పత్రిక మొదలుపెట్టాడు. మానవ శాస్త్రంలో ఇప్పటికీ నడుస్తున్న పాత పత్రికల్లో అదొకటి. మళ్లీ పత్రికే. ఈ ఇంటివాళ్లకు ఏ ఆలోచన వచ్చినా ముందు అచ్చులోకి పోతుంది.

ఆ ఏడాదే ష్మిట్ మన ముండా భాషలనూ ఆగ్నేయాసియాలోని మోన్, ఖ్మేర్ భాషలనూ ఒక కుటుంబంగా చూపించి, దానికి ఆస్ట్రోఏషియాటిక్ అని పేరు పెట్టాడు. శ్రీకాకుళం కొండల్లో మాట్లాడే సవర భాష ఆ కుటుంబంలోదే. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరకు వ్యాకరణం, నిఘంటువు చేశారని మనందరికీ తెలుసు. ఆయన పర్లాకిమిడిలో కూర్చుని చెవితో పట్టుకున్న భాషకు, ఆస్ట్రియాలో ఒక ఫాదరు చుట్టాలను వెతికిపెట్టాడన్నమాట. ఆదిమ జాతులన్నిటికీ మొదట ఒకే దేవుడి నమ్మకం ఉండేదని ష్మిట్ పెద్ద సిద్ధాంతం ఒకటి చేశాడు. దాన్ని ఇవాళ పండితులు పెద్దగా ఒప్పుకోరు. పోగుచేసిన సరుకు మాత్రం మిగిలింది.

స్టైల్‌కు తిరిగి వస్తాను. 1880ల్లో అక్కడ కట్టిన గుడి రెండంతస్తులది. పైన ఒక గుడి, కింద ఒక గుడి. కింది గుడిలో యాన్సెన్ సమాధి ఉంది. 1909 జనవరి 15న పోయాడు. ఒక్క మిషన్ దేశంలోనూ ఆయన అడుగు పెట్టలేదు. ఉత్తరాలు రాస్తూ, లెక్కలు చూస్తూ ఆ ఇంట్లోనే ఉన్నాడు. 2003 అక్టోబరు 5న రోములో ఆయన్ని, ఫ్రైనాడెమెట్జ్‌ను ఒకేసారి పునీతులుగా ప్రకటించారు. వెళ్లి తిరిగి రానివాడు, అసలు వెళ్లనివాడు, పక్కపక్కన.

1931లో తెరిచిన మ్యూజియం కూడా ఉంది. మిషన్ల నుంచి వచ్చిన బొమ్మలు, ముసుగులు, ఆయుధాలు, ఇంకా సీతాకోకచిలుకలు, గడ్డి కూరిన జంతువులు. దాని ప్రత్యేకత ఏమిటంటే అప్పట్లో ఎలా అమర్చారో చాలావరకు అలాగే ఉంచేశారు. 1930ల యూరప్ మిగతా ప్రపంచాన్ని ఏ కళ్లతో చూసిందో తెలుసుకోవాలంటే వస్తువుల కంటే ఆ అమరికే ఎక్కువ చెబుతుంది. పాపువా ముసుగు పక్కన ఏ బీరువాలో ఏమున్నాయో చూడాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అర్జెంటీనా 1889, టోగో 1892, న్యూగినీ 1896, జపాన్ 1907, ఫిలిప్పీన్స్ 1909, ఇండొనేషియాలో ఫ్లోరెస్ వైపు 1913. బీజింగ్‌లో ఫూజెన్ విశ్వవిద్యాలయం 1933లో, ఫిలిప్పీన్స్‌లోని సెబూలో శాన్ కార్లోస్ 1935లో చేతికి వచ్చాయి. భారతదేశానికి 1932లో వచ్చారు, ఇండోర్‌కు. స్టీఫన్ ఫుక్స్ అనే ఆస్ట్రియన్ ఫాదరు మధ్య భారతంలో బలాహీలు, కోర్కూలు, గోండుల మధ్య తిరిగి రాసినవి మానవ శాస్త్రం చదివేవాళ్లకు పరిచయమే. ఆయన ష్మిట్ బడి నుంచి వచ్చినవాడు. సభ కేంద్ర కార్యాలయం 1928లో స్టైల్ నుంచి రోముకు మారింది. 1964లో జర్మనీలో స్టైలర్ బ్యాంక్ అని ఒక బ్యాంకు కూడా పెట్టారు, జనం పొదుపు మీద వచ్చే లాభం మిషన్ పనులకు పోయేలా. లెక్కల మాస్టారు ఉంటే సంతోషించేవాడు.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఎవరైనా ఏమైనా అడుగుతారా?

(సభలో ఒకరు: మాస్టారూ, ఫాదర్లను సామ్రాజ్యవాదుల ఏజెంట్లు అనాలా, సేవకులు అనాలా?)

ఒక్క మాటలో చెప్పమంటే చెప్పలేనండీ. ఆంజర్‌కు, ఫ్రైనాడెమెట్జ్‌కు ఒకే పేరు పెడితే ఇద్దరికీ అన్యాయమే. టోగో జర్మన్ వలస. అక్కడికి మిషనరీలను పంపడానికి సభ ఒప్పుకున్న సంవత్సరమే, 1892లోనే, ప్రష్యాలో నైసె దగ్గర సభకు ఇల్లు తెరుచుకునే అనుమతి దొరికింది. వలస ప్రభుత్వంతో బేరం ఉంది. ఆ ఇంట్లో చదివి వెళ్లి అక్కడి భాషలకు వ్యాకరణాలు రాసినవాళ్లూ ఉన్నారు. మీరు మనిషి పేరు చెప్పి అడగండి, నేను జవాబు చెబుతాను.

(వెనక వరుస నుంచి: ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరుంటారండీ?)

మంచి ప్రశ్న. ఇప్పుడు ప్రపంచంలో ఈ సభవాళ్లు సుమారు 6000 మంది, 70కి పైగా దేశాల్లో. యూరప్ నుంచి కొత్తగా చేరేవాళ్లు చాలా తక్కువ. ఎక్కువమంది ఇండొనేషియావాళ్లు, మనవాళ్లూ బాగానే ఉన్నారు. 2000లో సభ పెద్దగా ఎన్నికైన ఆంటోనియో పెర్నియా ఫిలిప్పీన్స్ ఆయన. 2018లో ఎన్నికైన బూడి క్లేడెన్ ఫ్లోరెస్ వైపు ద్వీపాలవారు. యూరప్ ఊళ్ల చర్చిల్లో ఇవాళ పూజ చెప్పే ఫాదరు ఇండొనేషియా నుంచో, భారతదేశం నుంచో వచ్చినవాడైతే అక్కడెవరూ ఆశ్చర్యపోరు. స్టైల్‌లో ఉండేవాళ్లలో వయసు మళ్లిన మిషనరీలు ఎక్కువ. ముప్పై నలభై ఏళ్లు ఎక్కడెక్కడో పనిచేసి, ఆరోగ్యం బాగాలేక వెనక్కి వచ్చినవాళ్లు. కింది గుడికి, తోటకు, మ్యూజియానికి జనం వస్తుంటారు. గులాబీ సిస్టర్ల ఆరాధన ఇంకా సాగుతోంది. ఊరి నుంచి నది అవతల బార్లోకు వెళ్లే పడవ రేవు కూడా ఉంది. సత్రం ఉన్న కాలం నుంచీ జనం దాటుతున్నది అక్కడే.